యాభై రెండులకెల్లి ఇరవై ఏడు

రువిల, బస్టాండు వెనక, మూడో అంతస్తు.
పొద్దంతా ఏసీలు విప్పి కడిగిన చేతులు,
సబ్బుతో రెండుసార్లు రుద్దుకుంటెనే
లెక్కల నోట్‌బుక్కు ముట్టనిస్తది వర్ణిక.

శనివారం సాయంత్రం. రేపు బడి.
రజిత క్లినిక్కుల డ్యూటీకి పోతూ పోతూ అన్నది:
"కూడికలు నేను చేయించిన.
తీసివేతలు నీయే."
కష్టమైనయి నా వంతుకే ఎట్ల వస్తయో!

పుస్తకంల యాభై రెండు. దాని కింద ఇరవై ఏడు.
బిడ్డ జవాబు ముప్పై ఐదు.
"ఎట్లొచ్చిందమ్మా?"
"ఏడులకెల్లి రెండు తీసిన, ఐదు.
ఐదులకెల్లి రెండు తీసిన, మూడు."
"ఏడు కిందున్నది కదనే?"
"ఉంటేంది? పెద్దదాంట్లకెల్లే కదా చిన్నది తీసేది!"
న్యాయంగనే ఉన్నది.
కోపం రావాల్సిన కాడ నవ్వొచ్చింది.

మా సారు నేర్పినట్టే నేర్పిన:
"రెండులకెల్లి ఏడు పోదు.
పక్కింటికి పోయి ఒకటి బదులు తెచ్చుకో."
పెన్సిల్ కొరుక్కుంట అడిగింది:
"మళ్ల ఎప్పుడిస్తం నాన్నా?"

మా బడిల నలభై మందిమి.
ఒక్కరం అడగలే ఆ మాట.
బదులు తెచ్చుడే నేర్చుకున్నం,
ముందు పలక మీద, తర్వాత స్టాంపు కాయితం మీద.
వీసాకు తెచ్చిన రెండు లక్షలు,
నూటికి మూడు రూపాల మిత్తి,
తీరేసరికి ఈ బిడ్డకు పాలపండ్లు ఊడుడు మొదలైంది.
అదంతా చెప్పలే.
"లెక్కలల్ల తిరిగి ఇయ్యనక్కర్లేదమ్మా" అన్న.
"గట్లయితే దొంగతనం కదా?"

డైరీ తెరిచి నా ముందట పెట్టింది.
టీచరమ్మ ఎర్ర సిరా.
అక్షరం అక్షరం కూడుకొని చదివిన:
ఇంట్ల అప్పు అని నేర్పొద్దట.
పుల్లలతో పదుల కట్టలు కట్టి
విప్పి చూపించాలట.

టూత్‌పిక్కుల డబ్బా నేల మీద బోర్లించిన.
పనిసంచిలకెల్లి కేబుల్ టైలు తీసి
ఐదు కట్టలు బిగించిన, గట్టిగ, నీటుగ,
మా ఫోర్‌మన్ చూసినా వంక పెట్టనట్టు.
బిడ్డ గుంజింది. పంటితో పట్టి చూసింది.
"నాన్నా, ఇవి విప్పరావు."
నిజమే. బిగిస్తే మళ్ల కోసుడే దాన్ని.
నాకు బిగించుడే తెలుసు.

ఫ్రిజ్‌ల పుదీనా కట్ట గుర్తొచ్చింది దానికే.
పుదీనా రబ్బరు బ్యాండు ఒకటి, కొత్తిమీరది ఒకటి,
తన జడలయి రెండు,
కరెంటు బిల్లులకు చుట్టినది ఒకటి.

ఐదు కట్టలు. రెండు విడి పుల్లలు.
ఏడు తియ్యాలె.
వర్ణిక కాసేపు కట్టల దిక్కు చూసింది.
పుదీనా బ్యాండు విప్పి మణికట్టుకు వేసుకున్నది.
పది పుల్లలు గలగలమని రెండింటి పక్కకొచ్చినయి.
పన్నెండు. ఏడు పోయినయి. ఐదు.
మిగిలిన నాలుగు కట్టలల్ల రెండు పోయినయి. రెండు.

"ఎవలింటికి పోలే నాన్నా,
మనదే విప్పుకున్నం.
విప్పినంక కూడ యాభై రెండే ఉండె.
నేను లెక్కబెట్టిన."

ఇంతకు ఏం జవాబు చెప్తం?
ఊరందరి ఏసీలు బాగుచేసే నా ఇంట్ల
ఏసీ బకెట్ల చుక్క చుక్క కారుతున్నది.
ఆ చప్పుడే ఇంత సేపు.

తర్వాతి లెక్క: అరవైలకెల్లి పద్దెనిమిది.
ఆరో కట్టకు నా బూటు లేసు కట్టినం.
విడి పుల్ల ఒక్కటి సుత లేదు.
"ఇది నువ్వు చెయ్యి. నేను చూస్త."

నా చెయ్యి అలవాటు కొద్ది పక్కకు పోయింది.
పక్కన గోడ.
"నాన్నా, గట్ల కాదు" అన్నది టీచరమ్మ గొంతుతో,
తన మణికట్టు బ్యాండు తీసి నా వేలికి తొడిగి.

రజిత తలుపు తీసేసరికి నేలంత పుల్లలు,
విప్పిన లేసుతో నా బూటు ఒకటి,
నా వేళ్లకు పుదీనా వాసన.